ఆ ఎక్స్-రే ఏ నక్షత్రానిది?

47 ట్యూకానే అనే తారాగుచ్ఛం నడిబొడ్డును హబుల్ టెలిస్కోప్ తీసిన ఫోటో ఒకటి కంప్యూటర్ తెర మీద పెట్టుకుందాం. చంద్ర ఎక్స్-రే టెలిస్కోప్ కనిపెట్టిన ఒక మూలం స్థానాన్ని దాని మీద గుర్తిస్తే ఒక చిన్న వలయం పడుతుంది. ఎక్స్-రేలు ఆ వలయంలో ఎక్కడి నుంచో వస్తున్నాయని అర్థం. వలయం అడ్డుకొలత ఒక ఆర్క్‌సెకను అనుకుందాం. అంటే డిగ్రీలో 3600వ వంతు. మన సిద్ధాంత గ్రంథాల్లో విలిప్త అన్నది ఇదే. నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో నిలబెట్టిన రూపాయి బిళ్ల మన కంటికి చేసే కోణం అంత.

కానీ ఆ గుచ్ఛం మనకు దాదాపు 15 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఆ రూపాయి బిళ్ల వెడల్పు, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి నాలుగున్నర వేల రెట్లు. మనం వెతికే జంట నక్షత్రం మొత్తం కలిపి సూర్యుడి వ్యాసమంత చోటులో ఇమిడిపోవచ్చు. వలయంలో నాలుగైదు నక్షత్రాలు కనబడుతున్నాయి, పక్కనున్న ఎర్రటి రాక్షసతార వెలుగు వాటి మీద పరుచుకుని ఉంది. జాతరలో ఎవరో ఈల వేశారు. ఈల ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసింది. ఆ దిక్కున నలుగురు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. వేసిందెవరు?

ఎక్స్-రే మూలానికి మామూలు వెలుగులో కనిపించే ప్రతిరూపాన్ని పట్టుకోవడం అనే సమస్య ఇదే. గత యాభై ఏళ్లలో ఈ పని ఎలా నడిచింది, ఎక్కడ తప్పింది, ఇప్పుడు ఏ మేరకు నమ్మవచ్చు అన్నవి ఈ సమీక్ష విషయాలు. నా వాదన ముందే చెబుతాను. కిక్కిరిసిన గుచ్ఛంలో స్థానం ఒక్కటే ఎన్నడూ రుజువు కాదు. అది అనుమానితుల జాబితా మాత్రమే ఇస్తుంది. రుజువు నక్షత్రం ప్రవర్తన నుంచి రావాలి. అది కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు దారుల్లో రావాలి.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

మన పాలపుంతలో గోళాకార తారాగుచ్ఛాలు నూట యాభై పైచిలుకు ఉన్నాయి. పెద్దవాటిలో లక్షల నక్షత్రాలుంటాయి. వయసు వెయ్యి కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ. పాలపుంత మొత్తం నక్షత్రాల్లో వీటి వాటా వెయ్యిలో ఒకటికి మించదు. అయినా 1970లలో ఉహురు, ఓఎస్ఓ-7 ఉపగ్రహాలు ఆకాశాన్ని ఎక్స్-రేలలో గాలించినప్పుడు, ప్రకాశవంతమైన మూలాల్లో ఈ గుచ్ఛాల వాటా దానికి ఎన్నో రెట్లు మించి కనిపించింది. తలకు ఇన్ని అని లెక్కవేస్తే, బయటి నక్షత్రాలకంటే గుచ్ఛాల్లోని నక్షత్రాలకు సుమారు వంద రెట్లు ఎక్కువ మూలాలు తేలాయి. 1975లో జార్జ్ క్లార్క్, జొనాథన్ కాట్జ్ వేర్వేరుగా ఈ సంగతి ఎత్తిచూపారు.

దీనికి మొదట వచ్చిన జవాబుల్లో ఒకటి, గుచ్ఛాల నడుమ భారీ కృష్ణబిలాలు ఉన్నాయన్నది. రెండోది, అదే ఏడాది ఫేబియన్, ప్రింగిల్, రీస్ చెప్పినది. గుచ్ఛం గర్భంలో నక్షత్రాలు సూర్యుడి పరిసరాల్లోకంటే లక్షల రెట్లు దట్టంగా ఉంటాయి. అలాంటి చోట న్యూట్రాన్ తార ఒకటి మామూలు నక్షత్రం పక్కనుంచి వెళుతూ దాన్ని పట్టేసుకోగలదు. అప్పటికే ఉన్న జంటలోకి చొరబడి ఒకరిని బయటికి నెట్టి ఆ స్థానంలో తానే కుదురుకోనూ గలదు. ఆ తర్వాత జతగాడి వాయువు న్యూట్రాన్ తార మీదికి సుడి తిరుగుతూ పడి, కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్-రేలు చిమ్ముతుంది.

ఏది నిజమో తేల్చడం మొదలుపెట్టినవి ఎక్స్-రే మెరుపులు. నెదర్లాండ్స్ ఉపగ్రహం ఏఎన్ఎస్ ఎన్‌జీసీ 6624 గుచ్ఛం నుంచి కొన్ని సెకన్లపాటు ఉండే పేలుళ్లను చూసింది. 1976లో వెలువడిన ఆ ఫలితం, తర్వాత వచ్చిన వివరణ కలిసి, ఇవి న్యూట్రాన్ తార పైపొర మీద జరిగే అణుదహనాలని చూపాయి. కృష్ణబిలానికి పైపొరే లేదు. తర్వాత ఐన్‌స్టీన్ ఉపగ్రహం ఇచ్చిన మెరుగైన స్థానాలతో జొనాథన్ గ్రిండ్లే బృందం, ఈ మూలాలు గుచ్ఛం కేంద్రం నుంచి ఎంత ఎడంగా ఉన్నాయో కొలిచింది. బరువైన వస్తువులు కేంద్రానికి దగ్గరగా చేరతాయి కాబట్టి, ఆ ఎడాన్నిబట్టి బరువు తెలుస్తుంది. సుమారు ఒకటిన్నర సూర్యుల బరువని 1984లో తేలింది. ఆ బరువు న్యూట్రాన్ తార ఉన్న జంటకు సరిపోతుంది.

పెద్ద మూలాల సంగతి అలా కొలిక్కి వస్తుండగా, ఐన్‌స్టీన్ ఉపగ్రహమే మరో చిక్కు తెచ్చింది. వాటికంటే వందల, వేల రెట్లు మసకగా ఉండే మూలాలు ఇవే గుచ్ఛాల్లో కనిపించాయి. 1983లో హెర్ట్జ్, గ్రిండ్లే వీటిని వర్ణించి, శ్వేత మరుగుజ్జు తారలు జతగాళ్ల నుంచి వాయువు లాక్కునే కాటక్లిస్మిక్ చరతారలు కావచ్చన్నారు. ఇవి ఒక రకం కాదు, ఎన్నో రకాల కలగలుపు అని తేలడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. రకాలను విడదీయాలంటే మామూలు వెలుగులో ఆ నక్షత్రాన్ని చూడక తప్పదు. ఒక మసక మూలం నుంచి చంద్రకు చేరేది కొన్ని పదుల కిరణకణాలే కావచ్చు. అంత కొద్ది సమాచారంతో జంట స్వభావం చెప్పలేం.

వలయాన్ని చిన్నది చేయడం

1990లో కక్ష్యలోకి వెళ్లిన రోశాట్ ఉపగ్రహం అత్యుత్తమ కెమెరా కూడా కొన్ని ఆర్క్‌సెకన్ల అనిశ్చితితోనే స్థానం చెప్పేది. గుచ్ఛం నడుమ అంత వలయంలో వందకు పైగా నక్షత్రాలు పడతాయి. 1999 జులై 23న చంద్ర ప్రయోగంతో ఆట మారింది. శ్వేత మరుగుజ్జుల బరువుకు ఒక హద్దు ఉందని లెక్కకట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఆ టెలిస్కోప్, అర ఆర్క్‌సెకను స్పష్టతతో ఎక్స్-రే ఫోటోలు తీసింది. 2000 మార్చిలో అది 47 ట్యూకానేను చూసినప్పుడు నడిమి ప్రాంతంలోనే 108 మూలాలు బయటపడ్డాయి. 2002లో మరింత లోతుగా చూశాక, సగం బరువు ఇమిడే వ్యాసార్థం లోపలే వాటి సంఖ్య 300కు చేరింది.

అయితే స్పష్టత వేరు, సరైన చిరునామా వేరు. చంద్ర తన ఫోటోలో రెండు మూలాల మధ్య ఎడాన్ని చాలా కచ్చితంగా చెబుతుంది. ఆ ఫోటో మొత్తం ఆకాశంలో ఎక్కడ అతుక్కుంటుందన్న దాంట్లో మాత్రం అర ఆర్క్‌సెకనుకు పైగా తేడా ఉండవచ్చు. హబుల్‌ది ఇంకా అధ్వానం. దాని ఫోటోలో నక్షత్రాలు ఆర్క్‌సెకనులో పదో వంతు స్పష్టతతో విడివిడిగా కనిపించినా, పాత గైడ్ తారల పట్టికల కారణంగా ఫోటో మొత్తం ఒక ఆర్క్‌సెకను దాకా జరిగి ఉండేది. రెండు ఫోటోలూ చక్కనివే, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు.

వాటిని కూర్చోబెట్టే పని మెట్లుమెట్లుగా జరుగుతుంది. ముందు భూమి మీది టెలిస్కోప్ తీసిన విశాలమైన ఫోటోను టైకో-2 వంటి పట్టికల్లోని తారలకు కట్టాలి. ఆ ఫోటోకు హబుల్ ఫోటోను కట్టాలి. ఆపైన ఎక్స్-రేలలోనూ మామూలు వెలుగులోనూ ఇదేనని గట్టిగా చెప్పగల ఒకటి రెండు నక్షత్రాలు దొరికితే, వాటితో చంద్ర ఫోటోను కొద్దిగా జరిపి మిగతా మూలాలను సరిచూడాలి. అప్పుడు వలయం ఆర్క్‌సెకనులో రెండు మూడు పదో వంతులకు దిగుతుంది. ఇక్కడ ఒక అపాయం పొంచి ఉంది. గట్టిగా చెప్పగలమనుకున్న ఆ మొదటి నక్షత్రమే తప్పయితే, దాన్ని నమ్ముకుని జరిపిన మిగతావన్నీ తప్పే. అందుకే మంచి పరిశోధకులు ఒక్క నక్షత్రంతో తృప్తిపడరు.

47 ట్యూకానేకు ఈ విషయంలో ఒక వరం ఉంది. అందులో సెకనుకు వందలసార్లు తిరిగే న్యూట్రాన్ తారలు, అంటే మిల్లీసెకండ్ పల్సార్లు, ఎన్నో ఉన్నాయి. రేడియో స్పందనలు వచ్చే సమయాలను ఏళ్ల తరబడి కొలిచినందువల్ల వాటి స్థానాలు ఆర్క్‌సెకనులో వెయ్యో వంతు మేరకు తెలుసు. వాటిలో చాలా పల్సార్లు చంద్రకూ కనిపిస్తాయి. ఆ మేకులు ఉండబట్టే ఎక్స్-రే ఫోటో అక్కడ గట్టిగా నిలిచింది. ఇప్పుడు గాయా ఉపగ్రహం ఇచ్చిన పట్టికలు వచ్చాక హబుల్ ఫోటోలను ఆకాశానికి బిగించడం చాలా సులువైంది. అయితే గాయా కూడా గుచ్ఛాల నడిబొడ్డులో రద్దీకి తడబడుతుంది. బయటి అంచుల్లోని తారలతో ఫోటోను బిగించి లోపలికి రావాల్సిందే.

లెక్క చెప్పే హెచ్చరిక

వలయం చిన్నదైనంత మాత్రాన పని అయిపోదు. ఒక చిన్న లెక్క వేద్దాం. వ్యాసార్థం అర ఆర్క్‌సెకను అయితే వలయం వైశాల్యం 0.8 చదరపు ఆర్క్‌సెకన్లకు కాస్త తక్కువ. చదరపు ఆర్క్‌సెకనుకు ఐదు నక్షత్రాలున్న చోట, ప్రతి వలయంలోనూ సుమారు నాలుగు నక్షత్రాలు ఊరికే పడతాయి. వాటిలో నూటికొకటి, కొలత పొరపాట్ల వల్లనో పక్క తార వెలుగు కలవడం వల్లనో, వింత రంగుతో కనిపిస్తుందనుకుందాం. నూరు మూలాలను వెతికితే నాలుగు వందల నక్షత్రాలను చూస్తాం. అంటే ఎక్స్-రేలతో ఏ సంబంధమూ లేని నాలుగు నక్షత్రాలు ప్రతిరూపాలుగా పట్టికలోకి ఎక్కుతాయి. వింతగా ఉన్నదాన్నే ఎంచుకోవడం మన అలవాటు కాబట్టి, ఆ నాలుగూ మిగతావాటికంటే నమ్మదగినవిగానే కనిపిస్తాయి.

దీనికి విరుగుడు సులువైనది, నిజాయితీ గలది. ఎక్స్-రే స్థానాలన్నిటినీ కావాలని నాలుగైదు ఆర్క్‌సెకన్లు పక్కకు జరిపి, అదే పద్ధతిలో మళ్లీ ప్రతిరూపాలు వెతకాలి. అక్కడ నిజమైన జంట దొరకడానికి వీల్లేదు. అయినా ఎన్ని దొరికాయో లెక్కపెడితే మన పట్టికలో ఎన్ని తప్పులు ఉండవచ్చో తెలుస్తుంది. ఈ పరీక్ష లేకుండా వచ్చే ఏ పట్టికనైనా నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

ప్రవర్తనను బట్టి పోల్చుకోవడం

ఇక వలయంలోని నలుగురినీ ప్రశ్నించాలి. మొదటి సాధనం రంగు-ప్రకాశం పటం. గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి, వయసూ దగ్గరదగ్గరే. అందువల్ల పటం మీద అవి సన్నని బాటలో నడుస్తాయి. ఆ బాట నుంచి తప్పినవాడే ముందు అనుమానితుడు.

కాటక్లిస్మిక్ చరతారలో శ్వేత మరుగుజ్జు చుట్టూ వేడి వాయువు పళ్లెంలా తిరుగుతుంటుంది. అతినీల, నీలి వడపోతల్లో ఆ పళ్లెమే మెరుస్తుంది కాబట్టి అది ఆ బాటలో మామూలు తారలుండే భాగమైన ప్రధాన శ్రేణికి చాలా ఎడమగా, నీలంగా పడుతుంది. అదే నక్షత్రాన్ని ఎర్ర వడపోతల్లో చూస్తే జతగాడి వెలుగు పైచేయి అవుతుంది, అది ప్రధాన శ్రేణి పక్కకు చేరిపోతుంది. ఒక పటంలో వింతగా, మరో పటంలో మామూలుగా కనిపించడమే దాని గుర్తు. పళ్లెంలోని హైడ్రోజన్ వెలువరించే హెచ్-ఆల్ఫా కాంతిని సన్నని వడపోతతో చూస్తే మరో గుర్తు దొరుకుతుంది.

రెండో రకం క్రియాశీల జంటతారలు. రెండు మామూలు నక్షత్రాలు చాలా దగ్గరగా తిరుగుతూ ఒకదాన్నొకటి వేగంగా తిప్పుకుంటాయి. ఆ వేగం వల్ల అయస్కాంత చర్య పెరిగి ఎక్స్-రేలు వస్తాయి. పటం మీద అవి ప్రధాన శ్రేణి మీదో, దానికి కాస్త పైనో ఉంటాయి. హెచ్-ఆల్ఫా కొద్దిగానే ఎక్కువ. మామూలు వెలుగుతో పోలిస్తే వాటి ఎక్స్-రేలు తక్కువ. కాటక్లిస్మిక్ చరతారల్లో ఆ నిష్పత్తి ఎక్కువ. మూడో రకం నిద్రాణంగా ఉన్న న్యూట్రాన్ తారల జంటలు. వాటి ఎక్స్-రేలు మెత్తనివి, అంటే తక్కువ శక్తి గలవి. చల్లారుతున్న న్యూట్రాన్ తార ఒళ్లే వెలిగినట్లు ఉంటాయి. నాలుగోది మిల్లీసెకండ్ పల్సార్ల జతగాళ్లు. ఇవి తరచుగా హీలియం శ్వేత మరుగుజ్జులు, పటం మీద వాటికంటూ ఒక బాట ఉంది.

వీళ్లతోపాటు గుచ్ఛానికి సంబంధం లేని చొరబాటుదారులూ ఉంటారు. ముందున్న పాలపుంత నక్షత్రాలు కొన్ని, వెనకున్న చురుకైన గెలాక్సీలు కొన్ని. వీళ్లను బయటికి పంపేది సొంత చలనం. ఏళ్ల తేడాతో తీసిన రెండు హబుల్ ఫోటోలను పోలిస్తే గుచ్ఛం సభ్యులు కలిసి ఒకవైపు జరుగుతారు. గెలాక్సీ కదలదు. 47 ట్యూకానే వెనక చిన్న మెజెల్లానిక్ మేఘం ఉంది, దాని తారలు వేరే దారిన పోతాయి. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ నమ్మకం ఇచ్చే పరీక్ష ఇదే.

ఈ సాధనాలన్నీ కలిసి పనిచేసిన చక్కని ఉదాహరణ ఎన్‌జీసీ 6397. సుమారు 8 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గుచ్ఛంలో ఏడ్రియన్ కూల్, గ్రిండ్లే బృందాలు 1990ల మధ్యలోనే హెచ్-ఆల్ఫా వెలిగే మూడు నక్షత్రాలను పట్టుకున్నాయి. 2010లో హాల్డన్ కోన్ బృందం నీలి, ఎర్ర, హెచ్-ఆల్ఫా వడపోతలతో తీసిన హబుల్ ఫోటోల్లో 79 చంద్ర మూలాలకు ప్రతిరూపాలు వెతికి, 69 దొరికాయని చెప్పింది. అందులో 15 కాటక్లిస్మిక్ చరతారలు, 42 క్రియాశీల జంటలు, రెండు మిల్లీసెకండ్ పల్సార్ జంటలు ఉన్నాయి. ఒకప్పుడు మసక మూలాలంటే ఒకటే రకం అనుకున్నది, ఇలా కులగోత్రాలతో సహా జనాభా లెక్కగా మారింది.

సరైన నక్షత్రం దొరికినా చాలదు: రెండు పాఠాలు

ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన కథలు రెండున్నాయి.

మొదటిది ఎం15 గుచ్ఛానిది. అందులో ఒక ప్రకాశవంతమైన ఎక్స్-రే మూలం ఉందని ఎప్పటి నుంచో తెలుసు. 1984లో ఒరియేర్ బృందం దానికి ఏసీ211 అనే నీలి నక్షత్రాన్ని ప్రతిరూపంగా చూపింది. గోళాకార గుచ్ఛంలోని పెద్ద ఎక్స్-రే జంటకు దొరికిన మొదటి ప్రతిరూపం అదే. వర్ణపటంలో వేడి హీలియం రేఖలు కనిపించాయి. 17.1 గంటల కక్ష్యాకాలం తేలింది. ఇన్ని రుజువులున్నాక ఎవరు అనుమానిస్తారు? చిక్కు ఒక్కటే ఉంది. ఏసీ211ను అంచు నుంచి చూస్తున్నామని, దాని న్యూట్రాన్ తార పళ్లెం వెనక దాగి ఉందని, మనకు చేరేవి చెదిరి వచ్చిన ఎక్స్-రేలు మాత్రమేనని అన్ని లక్షణాలూ చెబుతున్నాయి. అలాంటి చోట నుంచి పెద్ద పేలుడు నేరుగా కనిపించకూడదు. కానీ 1988లో జపాన్ ఉపగ్రహం గింగా ఎం15 నుంచి సరిగ్గా అలాంటి పేలుడునే చూసింది. దాన్ని సమర్థించడానికి పండితులు ఎన్నో తిప్పలు పడ్డారు.

2000లో చంద్ర ఎం15 వైపు చూసింది. ఒక్క మూలం అనుకున్నది రెండుగా విడిపోయింది. వాటి మధ్య ఎడం 2.7 ఆర్క్‌సెకన్లు. ఒకటి ఏసీ211. రెండోది, ఎం15 ఎక్స్-2, ఎక్స్-రేలలో దానికంటే రెండున్నర రెట్లు ప్రకాశవంతం. మామూలు వెలుగులో మాత్రం అదొక మసక నీలి చుక్క. పేలుడు దానిదేనని చెప్పడానికి ఇక అడ్డులేదు. 2005లో హబుల్ అతినీల కిరణాలతో చూస్తే దాని వెలుగు 22.6 నిమిషాలకోసారి హెచ్చుతగ్గులవుతోందని తెలిసింది. రెండు నక్షత్రాలు అరగంట కూడా పట్టకుండా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట అది.

ఇందులో ఏసీ211ను కనిపెట్టినవారి తప్పేమీ లేదు. అది నిజంగానే ఎక్స్-రే జంట. తప్పల్లా, మూలం ఒక్కటేనని అందరూ అడగకుండానే ఒప్పుకోవడం. వలయంలో ఒకడు ఈల వేయగలడని రుజువైతే, వినబడిన ఈలలన్నీ అతనివేనని అనుకున్నాం. పొసగని ఆ పేలుడును పక్కన పెట్టకుండా పట్టుకుని ఉంటే, మరో నక్షత్రం కోసం వెతుకులాట చంద్ర కంటే ముందే మొదలయ్యేది. సరిపోని సాక్ష్యాన్ని విశేషణాలతో సర్దేయకూడదన్నది ఎం15 నేర్పిన పాఠం.

రెండో కథ 47 ట్యూకానేలోని ఎక్స్9ది. హబుల్ అద్దానికి ఇంకా దోషం సరిదిద్దని 1992లోనే పరేస్‌చే బృందం గుచ్ఛం నడుమ వీ1 అనే నీలి నక్షత్రాన్ని కనిపెట్టి, ఎక్స్-రే మూలానికి ప్రతిరూపం కావచ్చని, బహుశా కాటక్లిస్మిక్ చరతార అని చెప్పింది. చంద్ర వచ్చాక స్థానం సరిపోయింది. నక్షత్రం అదే, సందేహం లేదు. దాన్ని కాటక్లిస్మిక్ చరతారల జాబితాలోనే ఉంచుతూ వచ్చారు. 2015లో మిల్లర్-జోన్స్ బృందం ఆస్ట్రేలియా రేడియో టెలిస్కోపుతో అక్కడి నుంచి బలమైన రేడియో తరంగాలు వస్తున్నాయని చూపింది. శ్వేత మరుగుజ్జుకు అంత రేడియో అసాధారణం. వాయువు పీల్చుకుంటున్న కృష్ణబిలానికైతే రేడియో, ఎక్స్-రే నిష్పత్తి సరిపోతుంది. 2017లో చంద్ర దత్తాంశాల్లో 28 నిమిషాల కాలం కూడా బయటపడింది. అంత ఇరుకు కక్ష్యలో జతగా ఇమడగలిగింది శ్వేత మరుగుజ్జే. ఎక్స్9లో ఉన్నది కృష్ణబిలమేనని తీర్పు ఇంకా ఖాయం కాలేదు గానీ, అభ్యర్థిత్వం బలమైనది.

ఎం15లో మూలాల లెక్క తప్పింది. ఎక్స్9లో నక్షత్రం సరైనదే, కులం తప్పు కావచ్చు. అంటే గుర్తింపులో రెండు ప్రశ్నలున్నాయి. ఏ నక్షత్రం? ఎలాంటి జంట? మొదటిదానికి జవాబు దొరికిన ఉత్సాహంలో రెండోదాన్ని మూసేస్తే, రెండు దశాబ్దాలు అలాగే గడిచిపోవచ్చు.

కాలం చెప్పే సాక్ష్యం

నా ఉద్దేశంలో అన్నిటికంటే గట్టి రుజువు లయ. ఎక్స్-రేలలోనో రేడియోలోనో తెలిసిన కక్ష్యాకాలం మామూలు వెలుగులోనూ అదే లెక్కన కనిపిస్తే, యాదృచ్ఛికమన్న మాటకు చోటు ఉండదు. ఎన్‌జీసీ 6624లోని జంటకు 685 సెకన్ల కాలం 1987లో ఎక్స్-రేలలో దొరికింది. దాని నీలి ప్రతిరూపాన్ని 1993లో హబుల్ చూపింది. అదే కాలం అతినీల వెలుగులోనూ కనిపించాక వాదన ముగిసింది.

ఇలాంటి లయలు వెతకడానికి 47 ట్యూకానేకు అనుకోని దిక్కు నుంచి సాయం అందింది. 1999 జులైలో రొనాల్డ్ గిలిలాండ్ బృందం గ్రహాల కోసం హబుల్‌తో ఆ గుచ్ఛాన్ని ఎనిమిది రోజులకు పైగా అదేపనిగా చూసింది. 34 వేల నక్షత్రాల్లో ఒక్క గ్రహం కూడా దొరకలేదు. కానీ ఆ ఫోటోల్లోనే పీటర్ ఎడ్మండ్స్ బృందం చంద్ర మూలాలకు పదుల కొద్దీ ప్రతిరూపాలను, వాటి కక్ష్యాకాలాలను పట్టుకుంది. గోళాకార గుచ్ఛంలో మిల్లీసెకండ్ పల్సార్‌కు మామూలు వెలుగులో మొదటిసారి దొరికిన జతగాడు, 47 ట్యూకానే యూ పల్సార్ తాలూకు శ్వేత మరుగుజ్జు, ఆ ఫోటోల్లో కనిపించినదే. పల్సార్ కాలమూ నక్షత్రం హెచ్చుతగ్గులూ కలిశాయి.

మరో దారి, నక్షత్రం తనంతట తాను బయటపడే క్షణం కోసం కాచుకోవడం. 2013లో ఎం28 గుచ్ఛంలో ఒక ఎక్స్-రే మూలం ఒక్కసారిగా భగ్గుమంది. సెకనుకు 254 సార్లు స్పందించే ఆ వస్తువు అంతకుముందే రేడియో పల్సార్‌గా తెలిసినదే. వాయువు పడితే ఎక్స్-రే జంట, ఆగితే రేడియో పల్సార్. ఆ వేషం మార్పు ఒకే వస్తువులో కొద్ది వారాల్లో కళ్లెదుట జరిగింది. పాత, కొత్త హబుల్ ఫోటోలను పోల్చి చూస్తే ఒక్క నక్షత్రమే ప్రకాశం పెంచుకుంది, ప్రతిరూపం తేలిపోయింది. వాయువు తిన్న న్యూట్రాన్ తార మళ్లీ వేగం పుంజుకుని పల్సార్‌గా పునర్జన్మ ఎత్తుతుందని బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో రాధాకృష్ణన్, శ్రీనివాసన్ 1982లోనే వాదించారు. మూడు దశాబ్దాల తర్వాత ఎం28 దానికి సాక్ష్యం పలికింది.

ఈ పట్టికల మీద ఏమేం నిలబడి ఉంది

ఒక్కో నక్షత్రం కోసం ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఈ పట్టికల మీద గుచ్ఛాల జీవితచరిత్రే నిలబడి ఉంది. గుచ్ఛం గర్భం తన బరువుకు తానే కుంగిపోకుండా అడ్డుకునేవి జంట నక్షత్రాలే. దారిన పోయే తారలకు తమ కక్ష్య శక్తిలో కొంత ఇచ్చి, అవి గర్భాన్ని వేడిగా ఉంచుతాయి. 2003లో డేవిడ్ పూలీ బృందం, గుచ్ఛంలో తారల ఢీల రేటు పెరిగేకొద్దీ ఎక్స్-రే మూలాలూ పెరుగుతాయని చూపింది. 1975 నాటి ఊహకు అది పెద్ద బలం. అయితే అన్ని రకాలకూ ఒకే సూత్రం కుదరదు. న్యూట్రాన్ తారల జంటలు ఢీల్లో పుడతాయి. క్రియాశీల జంటలు చాలావరకు పుట్టుకతోనే జంటలు, రద్దీ వాటిలో సడలిన కాపురాలను విడగొట్టనూ గలదు. రకం తప్పుగా రాస్తే సూత్రమూ తప్పుతుంది.

ఎన్‌జీసీ 6397లోనూ, 6752లోనూ కాటక్లిస్మిక్ చరతారలు రెండు గుంపులుగా కనిపించాయి. ప్రకాశవంతమైనవి కేంద్రానికి దగ్గరగా, మసకవి కాస్త దూరంగా ఉన్నాయి. కొత్తగా పుట్టినవి నడుమ, ముసలివి బయట అని దాన్ని అర్థం చేసుకుంటున్నారు. 2018లో రివెరా సాండోవల్ బృందం 47 ట్యూకానేలో వీటి సంఖ్యను 43కు పెంచింది, కానీ అక్కడ అలాంటి ఎడం కనిపించలేదు. గర్భం కుంగిన గుచ్ఛాలకూ కుంగని వాటికీ తేడా ఇదేనా? పదిహేను నక్షత్రాల గుంపులో మూడు తప్పుగా చేరితే ఈ ప్రశ్నకు జవాబే మారిపోతుంది. అందుకే ప్రతి గుర్తింపుకూ పక్కన ఒక నమ్మకపు స్థాయి రాయాలని నేను కోరుతున్నాను. ఖాయం, సంభావ్యం, ఊహ అని మూడు మెట్లు చాలు. దేని ఆధారంగా ఆ మెట్టు ఇచ్చారో ఒక వాక్యం ఉండాలి.

మన వంతు

ఈ పనిలో మన నేలకూ కొంత పాత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైన ప్రపంచ నక్షత్ర పట్టిక పథకంలో హైదరాబాద్ నిజామియా వేధశాల దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫోటో పలకల మీద కొలిచింది. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో నక్షత్రాల సొంత చలనాలు తేల్చడానికి, ఆ పథకం నాటి పాత స్థానాలే పునాది అయ్యాయి. ఫోటోలను ఆకాశానికి బిగించే మేకుల్లో కొన్ని మన హైదరాబాదులో కొట్టినవే.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీల టెలిస్కోప్ స్పష్టత ఒకటిన్నర ఆర్క్‌సెకన్లకు దగ్గరగా ఉంటుంది. హబుల్‌తో పోలిస్తే ఇది తక్కువే, గుచ్ఛం నడిబొడ్డుకు చాలదు. దాని ఎక్స్-రే టెలిస్కోపుల పని కూడా ఇది కాదు. కానీ దూర అతినీల కిరణాల్లో ఎర్ర రాక్షసతారలు దాదాపు ఆరిపోతాయి, వేడి తారలు మాత్రమే మిగులుతాయి. అంటే రద్దీయే తగ్గిపోతుంది. పైగా ఒకే చూపులో 28 ఆర్క్‌నిమిషాల ఆకాశం అందుతుంది. హబుల్ చిన్న కిటికీకి అందని గుచ్ఛాల బయటి ప్రాంతాల్లో ఇది విలువైన సాధనం. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ ఎన్‌జీసీ 1851లో పల్సార్‌ను కనిపెట్టింది. పల్సార్ దొరికిన ప్రతిచోటా ఫోటోకు ఒక గట్టి మేకు దొరికినట్టే.

ఖాళీ వలయాలు

ఇక ముందు దారి ఎలా ఉంది? చంద్రకు సాటి స్పష్టత గల మరో ఎక్స్-రే టెలిస్కోప్ ఇప్పుడు కక్ష్యలో లేదు. పైగా దాని కెమెరా వడపోత మీద పేరుకున్న మలినం వల్ల మెత్తటి ఎక్స్-రేలకు దాని చూపు మందగించింది. నిద్రాణ న్యూట్రాన్ తారలకు అదే ఎక్కువ నష్టం. హబుల్ కూడా ముసలిదైంది. జేమ్స్ వెబ్ పరారుణంలో, చిలీలోని పెద్ద టెలిస్కోపులు ప్రతి చుక్కకూ వర్ణపటం తీయగల పరికరాలతో సాయపడుతున్నాయి. దుమ్ము కమ్మిన టెర్జాన్ 5 వంటి గుచ్ఛాల్లో పరారుణం తప్ప దారి లేదు. కొత్త ఎక్స్-రే కన్ను వచ్చేదాకా, ఉన్న దత్తాంశాలను గాయా స్థానాలతో మళ్లీ బిగించి, పాత పట్టికలను ఒక్కొక్కటిగా తిరిగి పరీక్షించడమే మనం చేయగల మంచి పని.

ఆ పరీక్షలో కొన్ని వలయాలు ఖాళీగా మిగులుతాయి. వాటిని నింపాలన్న ఆత్రం సహజం. ఎన్‌జీసీ 6397లోని యూ24 అనే మూలం గురించి చెప్పి ముగిస్తాను. దాని ఎక్స్-రేలు చల్లారుతున్న న్యూట్రాన్ తారవే. వాటిని విశ్లేషించి ఆ న్యూట్రాన్ తార వ్యాసార్థం ఎంతో అంచనా వేశారు కూడా. కానీ హబుల్ ఫోటోలో ఆ వలయంలో దాని జతగాడు కనిపించలేదు. పక్కనున్న ఏదో నక్షత్రాన్ని అంటగట్టి పట్టిక నింపే అవకాశం ఉన్నా, పరిశోధకులు ఆ పని చేయలేదు. ఫోటో ఎంత మసక నక్షత్రాన్ని చూపగలదో కొలిచి, జతగాడు అంతకంటే మసకవాడని రాశారు. సూర్యుడికంటే ఎన్నో రెట్లు మసకగా, చాలావరకు కరిగిపోయిన ఒక చిన్న నక్షత్రం అక్కడ తిరుగుతోందని దానివల్ల తెలిసింది. ఫోటో స్థానం గట్టిగా బిగించారు కాబట్టి, దాని లోతు కొలిచారు కాబట్టి, ఏమీ కనిపించకపోవడం కూడా ఒక కొలతగా నిలిచింది.